వేలంపాటలో జాగ్వార్ ఈ-టైప్ కొనడం ఎలా?

యూరప్‌లో తయారైన పాత స్పోర్ట్స్ కార్లు, దూర ప్రయాణాల కోసం రూపొందిన గ్రాండ్ టూరర్లు చేతులు మారే ముఖ్యమైన చోట్లలో వేలంపాట ఒకటి. ఫిబ్రవరి ప్రాంతంలో పారిస్‌లో రెట్రోమొబైల్ ప్రదర్శన జరిగే రోజుల్లోనూ, వేసవిలో ఇంగ్లండ్‌లోని గుడ్‌వుడ్‌లోనూ, ఆగస్టులో కాలిఫోర్నియాలోని మాంటెరే పరిసరాల్లోనూ పెద్ద వేలాలు సాగుతాయి. పత్రికలకెక్కేవి మాత్రం ఆకాశాన్నంటే ధరలే. 2022 మే 5న స్టుట్‌గార్ట్‌లోని మెర్సిడెస్ మ్యూజియంలో 1955 నాటి 300 ఎస్ఎల్ఆర్ ఉలెన్‌హాట్ కూపేను 13.5 కోట్ల యూరోలకు అమ్మినప్పుడు ప్రపంచమంతా మాట్లాడుకుంది. కానీ కేటలాగుల్లో ఎక్కువ పేజీలు ఎంజీబీలు, ట్రయంఫ్ టీఆర్6లు, ఆల్ఫా రోమియో స్పైడర్లు, జాగ్వార్ ఈ-టైప్‌లవే. ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ బ్రిటన్‌లోనో అమెరికాలోనో స్థిరపడిన తెలుగువారిలో ఈ సరదా ఉన్నవారు నిజంగా కొనగలిగేవి కూడా ఇవే.

ఈ వ్యాసంలో బ్రిటన్‌కు చెందిన జాగ్వార్ కంపెనీ స్పోర్ట్స్ కారు ఈ-టైప్‌నే ఉదాహరణగా తీసుకుని, మొదటి ఆలోచన నుంచి కారు మీ ఇంటికి చేరేదాకా ఏం చేయాలో వరుసగా వివరిస్తున్నాను. ముందే ఒక మాట. వేలం హాల్లో చెయ్యెత్తే రెండు మూడు నిమిషాలు ఈ పనిలో అతి చిన్న భాగం. ఆ కారు కేటలాగులో చెప్పిన కారేనా అని కాగితాల మీదా, ఇనుము మీదా తేల్చుకోవడమే అసలు పని, అది పాట మొదలు కాకముందే పూర్తయి ఉండాలి.

1. ఏ రకం కావాలో ముందే తేల్చుకోండి

ఈ-టైప్ 1961 మార్చిలో జెనీవా మోటార్ షోలో బయటికి వచ్చి 1974 దాకా తయారైంది. పేరు ఒకటే అయినా లోపల కార్లు వేరు వేరు. మొదట వచ్చినవాటిలో 3.8 లీటర్ల ఆరు సిలిండర్ల ఎక్స్‌కే ఇంజన్, మొదటి గేరుకు సింక్రోమెష్ (గేరు సాఫీగా పడేలా చేసే అమరిక) లేని, మాస్ అనే రకం గేర్ బాక్స్ ఉండేవి. 1964 చివర్లో 4.2 లీటర్ల ఇంజన్‌తో పాటు అన్ని గేర్లకూ సింక్రోమెష్ ఉన్న కొత్త గేర్ బాక్స్, మెరుగైన బ్రేకులు, కూర్చోవడానికి వీలుగా ఉండే సీట్లు వచ్చాయి. 1966లో వెనక చిన్న సీట్లున్న 2+2 కూపే జత చేరింది. అమెరికా భద్రతా నిబంధనల వల్ల హెడ్‌లైట్ల మీది గాజు మూతలు పోయాయి, 1968లో సిరీస్ 2 వచ్చింది (అంతకు ముందువాటిని సిరీస్ 1 అంటారు), 1971లో 5.3 లీటర్ల వీ12 ఇంజన్‌తో సిరీస్ 3 వచ్చింది.

వీటిలో తొలి 3.8 రోడ్‌స్టర్లకు ధర ఎక్కువ, సిరీస్ 2 నాటి 2+2 కూపేలకు తక్కువ. పైకప్పు తెరుచుకునే రోడ్‌స్టర్‌కు, పైకప్పు కదలని కూపే కన్నా గిరాకీ ఎక్కువ. కొని గ్యారేజీలో పెట్టి చూసుకునేవారి లెక్క వేరు, ఆదివారం పూట వంద మైళ్లు నడపాలనుకునేవారి లెక్క వేరు. నడపడానికే అయితే, మొదటిసారి కొనేవారికి 4.2 సిరీస్ 1 కూపే సరైనదని నా అభిప్రాయం. తొలి కార్ల గేర్ బాక్స్‌తో కుస్తీ పట్టనక్కర్లేదు, రూపంలో తొలి నాటి అందం అలాగే ఉంటుంది, రోడ్‌స్టర్‌కు పెట్టే అదనపు సొమ్ము మిగులుతుంది. ఆరడుగుల మనిషి ఏ కారైనా ఒకసారి కూర్చుని చూడకుండా నిర్ణయించుకోకూడదు. 2+2 తప్ప మిగతావాటిలో, ముఖ్యంగా తొలి కార్లలో, కాళ్లు చాపుకోవడానికి చోటు తక్కువ.

2. అమ్మకం షరతులు చదివి, డబ్బు లెక్క వెనక నుంచి వేయండి

వేలందారు సుత్తి కొట్టి పాట ముగించినప్పుడు పలికే ధర మీరు కట్టేది కాదు. దాని మీద కొనుగోలుదారు ప్రీమియం, అంటే వేలం సంస్థ మీ దగ్గర తీసుకునే కమిషను ఉంటుంది. సంస్థను బట్టి, దేశాన్ని బట్టి అది మారుతుంది కానీ హాల్లో జరిగే పెద్ద వేలాల్లో దాదాపు 10 నుంచి 16 శాతం మధ్య ఉంటుందనుకోండి. బ్రిటన్‌లో ఆ ప్రీమియం మీద 20 శాతం వ్యాట్ పడుతుంది. అంటే 80,000 పౌండ్లకు సుత్తి పడిన కారు మీద 15 శాతం ప్రీమియం 12,000, దాని మీద వ్యాట్ 2,400 కలిసి మొత్తం 94,400 పౌండ్లు అవుతుంది. దీన్ని తిరగేసి లెక్క వేసుకోవాలి. మీ చేతిలో ఉన్నదంతా కలిపి 80,000 పౌండ్లయితే, రవాణాకు, బీమాకు, మొదటి ఏడాది రిపేర్లకు 12,000 పక్కన పెట్టి, మిగిలిన 68,000ను 1.18తో భాగించండి. దాదాపు 57,600 వస్తుంది. మీ పాట అక్కడే ఆగాలి.

కేటలాగులో ఒక్కో కారుకు ఇచ్చే లాట్ నంబరు పక్కన నక్షత్రం లాంటి గుర్తు ఏదైనా ఉంటే దాని అర్థం షరతుల్లో వెతకండి. విదేశం నుంచి తాత్కాలికంగా తెచ్చి అమ్ముతున్న కారైతే, అది ఆ దేశంలోనే ఉండిపోవాలంటే ధర మీద దిగుమతి పన్ను కూడా పడుతుంది. కొన్ని లాట్లకు సుత్తి ధర మొత్తం మీదే వ్యాట్ ఉంటుంది. ఇవి చిన్న అక్షరాల్లో ఉంటాయి కానీ బిల్లులో చిన్నవిగా ఉండవు.

రిజర్వ్ ధర సంగతి కూడా తెలుసుకోవాలి. మన ఊళ్లలో చెరువునో, సంత వసూలు హక్కునో వేలం వేసేటప్పుడు సర్కారు పాట ఎంతో ముందే చాటింపు వేసి చెబుతారు. ఇక్కడ అమ్మకందారు పెట్టుకున్న కనీస ధర రహస్యం. అది సాధారణంగా కేటలాగులో ముద్రించిన కింది అంచనాను మించదు. రిజర్వ్ చేరేదాకా వేలందారు అమ్మకందారు తరఫున తానే పాట పెంచవచ్చని చాలా సంస్థల షరతుల్లో ఉంటుంది. హాల్లో మరెవరూ చెయ్యెత్తకపోయినా ధర పెరుగుతుండటానికి కారణం చాలాసార్లు ఇదే. రిజర్వ్ లేని లాట్ అని రాస్తే అలాంటి అడ్డు ఉండదు, ఎంతకు ఆగితే అంతకు అమ్మేస్తారు. అందుకే అక్కడ జనం ఎగబడి ఒక్కోసారి అంచనాకు మించి పాడేస్తారు.

3. కేటలాగును పోలీసు స్టేట్‌మెంటు చదివినట్టు చదవండి

కేటలాగు రాసేది అమ్మే పక్షం. దానిలో అబద్ధం ఉండకపోవచ్చు, కానీ చెప్పకుండా వదిలేసింది ఉంటుంది. ఇంజన్ 'అసలుది' అని రాశారా, 'ఆ కాలపు సరైన రకానిది' అని రాశారా చూడండి. రెండో మాటకు అర్థం, ఫ్యాక్టరీలో బిగించిన ఇంజన్ ఇప్పుడు ఆ కారులో లేదని. 'అని తెలుస్తోంది', 'అని భావిస్తున్నారు' వంటి మాటలతో ముగిసే ప్రతి వాక్యం కిందా గీత గీయండి. ఆ సంగతికి కాగితం లేదన్నమాట. ఎన్నో ఏళ్ల కిందటి రిస్టోరేషన్ (కారును విప్పి పాత రూపానికి తెచ్చే పని) అంటే ఇప్పుడు మళ్లీ పని పడుతుందని, కొంతకాలంగా నడపలేదు అంటే బ్రేకులు, పెట్రోల్ ట్యాంకు, టైర్లు, రబ్బరు గొట్టాలు అన్నీ చూసుకోవాలని అర్థం. ఫొటోలు ఎన్ని ఉన్నాయో కాక ఏవి లేవో లెక్కపెట్టండి. నలభై ఫొటోల్లో ఒక్కటి కూడా కారు అడుగు భాగానిది లేకపోతే అడిగి తెప్పించుకోండి.

తర్వాత సంస్థను కండిషన్ రిపోర్టు, కారుతో వచ్చే ఫైలు స్కాన్ కాపీ అడగండి. ఆ ఫైలులో మీకు అన్నిటికన్నా ఉపయోగపడేది జాగ్వార్ డైమ్లర్ హెరిటేజ్ ట్రస్టు ఇచ్చే ఉత్పత్తి రికార్డు పత్రం. ఆ కారు ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చినప్పుడు ఛాసిస్, ఇంజన్, బాడీ, గేర్ బాక్స్ నంబర్లు ఏవో, బయటి రంగు, లోపలి రంగు ఏవో, తయారైన తేదీ ఎప్పుడో, ఏ డీలరుకు పంపారో అందులో ఉంటుంది. పాత కార్లకు దాదాపు ప్రతి కంపెనీ దగ్గరా ఇలాంటి ఏర్పాటు ఉంది. మెర్సిడెస్ కార్లకు డేటా కార్డు ఉంటుంది, ఎంజీ, ఆస్టిన్-హీలీ, ట్రయంఫ్ కార్లకు గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ ఇండస్ట్రీ హెరిటేజ్ ట్రస్టు పత్రం ఇస్తుంది, ఫెరారీకి క్లాసికే ధ్రువీకరణ ఉంది.

ఛాసిస్ నంబరు ఒక్కటే ఎంత చెబుతుందో ఈ-టైప్‌లో చూడండి. 3.8 లీటర్ల కార్లలో కుడివైపు స్టీరింగ్ రోడ్‌స్టర్ల వరస 850001 నుంచి, కుడివైపు కూపేలది 860001 నుంచి, ఎడమవైపు రోడ్‌స్టర్లది 875001 నుంచి, ఎడమవైపు కూపేలది 885001 నుంచి మొదలవుతుంది. 4.2 వచ్చాక ఇదే క్రమంలో ఆ వరసలు 1ఈ1001, 1ఈ20001, 1ఈ10001, 1ఈ30001 నుంచి మొదలయ్యాయి. ఈ-టైప్‌లలో చాలా భాగం అమెరికాకు ఎగుమతయ్యాయి, తర్వాత వాటిలో ఎన్నో బ్రిటన్‌కు తిరిగి వచ్చి స్టీరింగ్ కుడివైపుకు మార్పించుకున్నాయి. కాబట్టి స్టీరింగ్ కుడివైపు ఉండి నంబరు 877తో మొదలైతే ఆ కారు కథ మీకు అప్పుడే తెలిసిపోతుంది. అలా మార్చడం తప్పేమీ కాదు, కాలిఫోర్నియా లాంటి పొడి ప్రాంతం నుంచి వచ్చిన కారులో తుప్పు తక్కువే ఉండవచ్చు. కానీ బ్రిటన్‌లోనే అమ్ముడైన కుడివైపు కారుకు పలికే ధర దీనికి పెట్టకూడదు. రోడ్‌స్టర్ అని అమ్ముతున్న కారు నంబరు 885 వరసలో ఉంటే అది మరీ పెద్ద సంగతి. కూపే పైకప్పు కోసి రోడ్‌స్టర్‌గా మార్చారన్నమాట.

ఇలాంటి అనుమానం ఈ-టైప్‌లకే పరిమితం కాదు. 1973 నాటి పోర్షే 911 కరేరా ఆర్ఎస్ 2.7 కార్లు 1,580 తయారయ్యాయి. మామూలు 911కు అదే తోక, అదే రంగు చారలు, అదే అక్షరాలు అతికించి తయారు చేసినవి ఎన్నో ఉన్నాయి. వాటిని విడదీసేది నంబర్లే.

బ్రిటన్‌లో ఉన్న కారైతే రిజిస్ట్రేషన్ నంబరు కొట్టి కారు రోడ్డు మీద నడవడానికి పనికొస్తుందో లేదో ఏటా చూసే ఎంఓటీ పరీక్షల పాత చరిత్రను ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితంగా చూడవచ్చు. 2000ల మధ్య నుంచి ప్రతి పరీక్షలో నమోదైన మైళ్లు, పరీక్షకుడు రాసిన హెచ్చరికలు అక్కడ ఉంటాయి. 40 ఏళ్లు దాటిన, పెద్ద మార్పులు లేని కార్లకు ఇప్పుడు ఎంఓటీ తప్పనిసరి కాదు కాబట్టి కొన్నిటి చరిత్ర మధ్యలో ఆగిపోతుంది. ఆగిన చోట చివరి పరీక్షలో సిల్ (తలుపు కింద పొడవునా ఉండే భాగం) దగ్గర తుప్పు అని రాసి ఉంటే, తర్వాత దాన్ని బాగు చేయించిన బిల్లు ఫైలులో ఉందో లేదో వెతకండి.

4. చూపించే రోజున కారును దగ్గర నుంచి చూడండి

వేలానికి ముందు ఒకటి రెండు రోజులు కార్లను చూడనిస్తారు. ఎక్కువ చోట్ల నడపనివ్వరు. వీలైతే ఆ మోడలు తెలిసిన మెకానిక్‌ను డబ్బిచ్చి తీసుకెళ్లండి. కుదరకపోతే ఒక మంచి టార్చిలైటు, చేతి అద్దం, పెయింటు మందం కొలిచే మీటరు, మోకాళ్ల కింద వేసుకోవడానికి పాత గుడ్డ తీసుకెళ్లండి. బట్టలు మాసిపోతాయని చూసుకునే మనిషికి ఈ పని కుదరదు.

ఈ-టైప్ నిర్మాణం తెలిస్తే ఎక్కడ చూడాలో తెలుస్తుంది. మనిషి కూర్చునే భాగం, వెనక భాగం కలిసి ఒకే పెట్టెలా వెల్డింగ్ చేసిన స్టీలు రేకుల మోనోకాక్. దాని ముందు వైపుకు సన్నని స్టీలు గొట్టాల ఫ్రేములను బోల్టులతో బిగించి, ఇంజన్‌ను, ముందు సస్పెన్షన్‌ను వాటి మీద నిలబెట్టారు. ఆ ఫ్రేముల మీదుగా పెద్ద బానెట్ మొత్తం ముందుకు తెరుచుకుంటుంది. దీన్ని బట్టి చూడాల్సిన చోట్లు మూడు.

మొదటిది తలుపుల కింద పొడవునా ఉండే సిల్స్. ఇవి అలంకారం కోసం పెట్టినవి కావు, రోడ్‌స్టర్‌కైతే దాదాపు వెన్నెముకే. కారుకు సరైన ఆధారాలు పెట్టకుండా పాత సిల్ కోసి కొత్తది వెల్డింగ్ చేస్తే మధ్యలో కుంగిపోతుంది. ఇది తలుపు దగ్గర కనిపిస్తుంది. తలుపు మూసి, వెనక అంచు దగ్గర సందు పైనా కిందా ఒకేలా ఉందో లేదో వేలితో కొలవండి. మెల్లగా తెరిచి వదిలితే తలుపు కిందికి దిగుతోందా, మూసేటప్పుడు పైకెత్తాల్సి వస్తోందా చూడండి. తర్వాత సిల్ పొడవునా పెయింటు మీటరు పెట్టుకుంటూ వెళ్లండి. మీటరు అంకె ఒకచోట ఉన్నట్టుండి చాలా రెట్లు పెరిగితే అక్కడ రేకు మీద పుట్టీ మందంగా ఉందని అర్థం. మంచి టింకరింగ్ పనిలో కూడా కొద్దిగా పుట్టీ వాడతారు కాబట్టి అంకె కొంచెం పెరగగానే బెదిరిపోవద్దు. సిల్ కింది అంచులో, వెనక చక్రం ముందు మూలలో పెరిగితే మాత్రం వదిలిపెట్టవద్దు.

రెండోది కారు అడుగున వెనక సస్పెన్షన్‌ను కారుకు పట్టి ఉంచే రేడియస్ ఆర్ములనే కడ్డీలు నేలరేకుకు కలిసే చోటు. బరువు లాగే చోటు కాబట్టి అక్కడి తుప్పు ప్రమాదకరం. అద్దం కింద పెట్టి టార్చి వేస్తే బాగా కనిపిస్తుంది. అడుగంతా ఒకే నల్లని కొత్త పూతతో మెరుస్తుంటే, ఆ పూత ఎప్పుడు వేశారు, వేయకముందు తీసిన ఫొటోలున్నాయా అని అడగండి. అమ్మకానికి కొద్ది ముందు కొట్టించిన కొత్త పెయింటు, కొత్త అడుగు పూత చూస్తే నాకైతే సంతోషం కన్నా అనుమానమే ముందు కలుగుతుంది. పాత వెల్డింగ్ గుర్తులు, పాత బురద కనిపించే కారు తన తప్పులను దాచుకోదు.

మూడోది ముందు గొట్టాల ఫ్రేము. గొట్టాలు లోపలి నుంచి తుప్పు పట్టగలవు, బయటి రంగు అందంగానే ఉంటుంది. బోల్టులు బిగించే మూలల్లో పగుళ్లు, గొట్టం మీద వంపులు, సరిచేసిన జాడలు చూడండి. అదే సమయంలో ఇంజన్ గదిలో కుడివైపు, ముందు షాక్ అబ్సార్బర్ పైభాగం బిగించిన చోట ఫ్రేము మీద కొట్టిన ఛాసిస్ నంబరు వెతకండి. అంకెలు ఒకే ఎత్తులో, ఒకే లోతులో ఉన్నాయా, వాటి చుట్టూ గ్రైండింగ్ గీతలున్నాయా చూడండి. ఆ ఫ్రేము బోల్టులతో బిగించేది కాబట్టి ఢీకొన్నాక మార్చి మళ్లీ నంబరు కొట్టి ఉండవచ్చు. మార్చడం నేరం కాదు, కానీ ఆ పని బిల్లు ఉండాలి. ఇంజన్ నంబరు బ్లాకు మీద కుడివైపు ఆయిల్ ఫిల్టరు పైన, మళ్లీ సిలిండర్ హెడ్ ముందు భాగంలో ఉంటుంది. 3.8 ఇంజన్లకు ఆర్ అక్షరంతో, సిరీస్ 1 నాటి 4.2 ఇంజన్లకు 7ఈ అని మొదలవుతుంది. హెరిటేజ్ పత్రం కాపీ చేతిలో పట్టుకుని ఒక్కో అంకె పోల్చండి, ఫొటో తీసుకోండి.

ఇంజన్ స్టార్ట్ చేయించమని సిబ్బందిని ముందే అడగండి, అడిగేముందు బ్లాకు మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూడండి. వేడెక్కించి ఉంచిన ఇంజన్ చాలా దాచేస్తుంది. చల్లగా స్టార్ట్ అయినప్పుడు నీలిరంగు పొగ, ముందు భాగంలో టైమింగ్ గొలుసు గలగల వినిపిస్తున్నాయేమో గమనించండి. కింది గొలుసు మార్చాలంటే పెద్ద పనే. బాగా వేడెక్కాక 3,000 ఆర్పీఎం దగ్గర ఆయిల్ ప్రెషర్ 40 పీఎస్ఐ చుట్టుపక్కల ఉండటం మంచి గుర్తు. మీటరు తప్పు చూపించడమూ మామూలే కాబట్టి దాన్ని ఒక్కదాన్నే నమ్మవద్దు. వెనక డిస్క్ బ్రేకులు చక్రాల దగ్గర కాక మధ్యలో డిఫరెన్షియల్‌కు ఆనుకుని ఉంటాయి. అక్కడ ఆయిల్ కారితే బ్రేకులు తడుస్తాయి, బాగు చేయాలంటే వెనక సస్పెన్షన్ మొత్తం కిందికి దించాలి. కాబట్టి కింద పడుకుని అక్కడ తడి ఉందేమో తప్పక చూడండి. ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్లు (ఇంజన్‌కు పెట్రోలు, గాలి కలిపి అందించేవి) మూడు ఉన్న సిరీస్ 2 కారు అమెరికా నుంచి వచ్చినదైతే, అక్కడ దానికి రెండు స్ట్రామ్‌బర్గ్ కార్బురేటర్లే ఉండేవని గుర్తుంచుకోండి. మార్పు మంచిదే కానీ అసలుదని చెబితే ఒప్పుకోకండి.

లోపల సీట్ల తోలు చిరిగి ఉండటం, గడియారం పనిచేయకపోవడం, రేడియో లేకపోవడం వంటివాటి మీద సమయం వృథా చేయకండి. అవి డబ్బుతో తీరేవి. అసలు తోలు, అసలు పెయింటు మిగిలి ఉంటే అరిగినా సరే వాటికి విలువ ఉంది. 2015 ఫిబ్రవరిలో పారిస్‌లో ఫ్రాన్స్‌కు చెందిన బాయోన్ కుటుంబపు 59 కార్లను వేలం వేశారు. దశాబ్దాలుగా దుమ్ము పట్టి పడి ఉన్న కార్లవి. అందులో నటుడు అలెన్ డెలాన్ ఒకప్పుడు నడిపిన ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్‌ను తుడవకుండానే అమ్మితే 1.6 కోట్ల యూరోలకు పైగా పలికింది.

5. పాట రోజు

ముందే పేరు నమోదు చేసుకోవాలి. గుర్తింపు పత్రం, చిరునామా ఆధారం, చాలా చోట్ల బ్యాంకు లేఖో డిపాజిట్టో అడుగుతారు. హాల్లో కూర్చుని, ఫోనులో, ఇంటర్నెట్‌లో పాడవచ్చు, లేదా మీ గరిష్ఠ ధర రాసి ఇచ్చి వెళ్లిపోవచ్చు. పాట మొదలయ్యే ముందు సేల్‌రూమ్ నోటీసులు తప్పక చదవండి, ప్రకటించేవాటిని వినండి. కేటలాగులో తప్పుగా రాసినదాన్ని అక్కడ సరిచేస్తారు, చట్టరీత్యా చెల్లేది ఆ సవరణే. ఇంజన్ అసలుది కాదని తేలిన సంగతి కూడా ఒక్కోసారి చివరి నిమిషంలో అక్కడే బయటపడుతుంది.

అంకెలు చెవితో విని మాత్రమే పాడకండి. 2019 ఆగస్టులో మాంటెరేలో పోర్షే టైప్ 64ను వేలానికి పెట్టినప్పుడు 1.3 కోట్ల డాలర్ల పాటను తెర మీద 3 కోట్లుగా చూపారు. ఆ గందరగోళం అలాగే సాగి చివరికి తెర మీద 7 కోట్లని వెలిగింది, అసలు పాట 1.7 కోట్లే. థర్టీన్, థర్టీ, సెవెంటీన్, సెవెంటీ అనే మాటలు హాలు హోరులో ఎంత దగ్గరగా వినిపిస్తాయో అక్కడ కూర్చున్నవారందరికీ తెలిసింది, కారు అమ్ముడుపోలేదు. మీకు అనుమానం వస్తే చెయ్యెత్తి అంకె మళ్లీ చెప్పమని అడగండి, ఎవరూ తప్పు పట్టరు.

ముందుగా రాసుకున్న గరిష్ఠ ధర కాగితం చేతిలో ఉంచుకోండి. వేలందారు పాట పెంచే మొత్తాన్ని సగానికి తగ్గించి 'ఇంకొక్కటి' అన్నప్పుడే చాలామంది జారిపోతారు. రిజర్వ్ చేరక కారు మిగిలిపోతే, సంస్థ ఉద్యోగిని కలిసి మీ ధర చెప్పి ఫోన్ నంబరు ఇచ్చి రండి. పాట అయిపోయాక గంటల్లోనో, మర్నాడో అమ్మకందారు దిగివచ్చి ఒప్పుకోవడం చాలాసార్లు జరుగుతుంది. ఇంటర్నెట్ వేలాల్లో చివరి సెకన్లలో పాడి గెలవాలనే ఎత్తు సాధారణంగా పారదు. చివరి నిమిషాల్లో ఎవరు పాడినా గడువు మళ్లీ పొడిగిస్తారు.

6. సుత్తి పడ్డాక

కారు మీద నష్టం భారం ఏ క్షణం నుంచి మీదవుతుందో షరతుల్లో ఉంటుంది. కొన్ని సంస్థల్లో సుత్తి పడిన క్షణమే. కాబట్టి ముందుగానే క్లాసిక్ కార్ల బీమా కంపెనీతో మాట్లాడి, ఒప్పుకున్న విలువకు పాలసీ ఇచ్చే ఏర్పాటు చేసుకోండి. మామూలు మార్కెట్ విలువ పాలసీ ఇలాంటి కారుకు పనికిరాదు. డబ్బు కొద్ది రోజుల్లో బ్యాంకు బదిలీతో కట్టాలి, ఆలస్యమైతే నిల్వ ఛార్జీలు పడతాయి. ఎంత నమ్మకం కుదిరినా తెలియని కారును అక్కడి నుంచి సొంతంగా నడుపుకుంటూ వెళ్లవద్దు, మూసి ఉన్న ట్రైలర్‌లో తెప్పించుకోండి. కారుతో పాటు రావాల్సిన ఫైలు, రెండో తాళం, రోడ్‌స్టరైతే మడిచిన పైకప్పు మీద వేసే కవరు, పనిముట్ల సంచి అన్నీ వచ్చాయో లేదో అక్కడే సరిచూసుకోండి.

సరిహద్దు దాటించాలంటే పన్నుల సంగతి ముందే అడగాలి. 30 ఏళ్లు దాటి, తయారీ ఆగిపోయి, అసలు రూపంలోనే ఉన్న చారిత్రక కారుగా గుర్తింపు పొందితే బ్రిటన్‌లో దిగుమతి వ్యాట్ 5 శాతం, ఫ్రాన్స్‌లో 5.5, జర్మనీలో 7 శాతం. ఆ గుర్తింపు దానంతటదే రాదు, కస్టమ్స్‌ను ఒప్పించాలి, ఇంజనో బ్రేకులో మార్చిన కారుకు చిక్కులు రావచ్చు. అమెరికాకు తీసుకెళ్లేటప్పుడు 25 ఏళ్లు దాటిన కార్లకు అక్కడి భద్రతా ప్రమాణాల నుంచి, 21 ఏళ్లు దాటి ఇంజన్ మార్చనివాటికి ఉద్గారాల నిబంధనల నుంచి మినహాయింపు ఉంది.

హైదరాబాదుకో విజయవాడకో తెచ్చుకోవాలనే ఆలోచన ఉంటే, పాట పాడకముందే కస్టమ్స్ ఏజెంటుతో కూర్చోండి. సుంకాలు, పన్నులు కలిపితే కారు కొన్న ధరకు దగ్గరగా వెళ్లే, దాన్ని దాటే అవకాశం కూడా ఉంది, దిగుమతి నిబంధనలూ మారుతుంటాయి. 2021లో వచ్చిన కేంద్ర నియమాల ప్రకారం 50 ఏళ్లు దాటిన, అసలు రూపం మారని వాహనాన్ని వింటేజ్ వాహనంగా నమోదు చేస్తారు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు, నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. ఇలా నమోదైన కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు కొట్టించుకోవడానికి, రిపేరుకు నడపవచ్చు కానీ రోజూ ఆఫీసుకు తీసుకెళ్లడం కుదరదు.

కారు ఇంటికి వచ్చాక మొదటి నెలలో నడపాలనే ఆత్రాన్ని కొంత తగ్గించుకుని, దాన్ని ఈ-టైప్ తెలిసిన వర్క్‌షాపుకు పంపండి. ఇంజన్ ఆయిల్, బ్రేక్ ఆయిల్, కూలెంట్, పెట్రోలు గొట్టాలు, ఫ్యాన్ బెల్టు మార్పించండి. టైర్ల అంచు మీద అచ్చైన తయారీ తేదీ చూసి, పదేళ్లు దాటితే గాడులు లోతుగా ఉన్నా తీసేయించండి. ఈ బిల్లులన్నీ కారుతో వచ్చిన ఫైలులోనే తేదీల వారీగా పెట్టుకుంటూ పోండి. ఎప్పుడైనా మీరే ఆ కారును వేలానికి పెట్టినప్పుడు, అవతలివారు మొదట అడిగేది ఆ ఫైలునే.